పూర్తయిన ఇంటి లాభం, పంచగలిగిన డబ్బు: స్థిరాస్తి అభివృద్ధి సంస్థల డివిడెండ్ విధానంపై ప్రసంగం

సభాధ్యక్షులకు, కంపెనీల లెక్కల మీద, వాటాదారుల హక్కుల మీద ఆసక్తితో ఇక్కడికి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

భూమి కొని, అనుమతులు తెచ్చి, ఇళ్లో కార్యాలయాలో కట్టి అమ్మే కంపెనీ తన వాటాదారులకు డివిడెండ్, అంటే లాభంలోంచి పంచే సొమ్ము, ఎప్పుడు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఏ డబ్బులోంచి ఇవ్వాలి అన్నది ఈ రోజు నా ప్రసంగ విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. కట్టడం పూర్తయి, కొన్నవారికి తాళాలు అప్పగించి, ఆ ప్రాజెక్టు కోసం చేసిన అప్పు తీర్చాక చేతిలో నిలిచిన డబ్బులోంచే డివిడెండ్ ఇవ్వాలి. లాభనష్టాల ఖాతా చివరి వరుసలో కనిపించే అంకెలో ఏటా ఇంత శాతం పంచుతామని ముందే మాట ఇచ్చే పద్ధతి సబ్బులు తయారుచేసే కంపెనీకో, సాఫ్ట్‌వేర్ కంపెనీకో నప్పవచ్చు గాని, ఈ వ్యాపారానికి నప్పదు. ఎందుకు నప్పదో వివరించాలంటే ముందు ఈ వ్యాపారంలో లాభం ఎలా పుడుతుందో చూడాలి.

దానికి ముందు డివిడెండ్ గురించి సాధారణంగా తెలిసిన ఒకటి రెండు విషయాలు చెప్పుకుందాం. 1956లో జాన్ లింట్నర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 28 కంపెనీల యాజమాన్యాలతో మాట్లాడి, డివిడెండ్లను వాళ్లు ఎలా నిర్ణయిస్తారో పరిశీలించారు. ఆయన గమనించింది ఏమిటంటే, యాజమాన్యాలు ఈ ఏడు లాభం ఎంత అని కాకుండా, పోయిన ఏడు ఎంత ఇచ్చాం అన్న దగ్గర మొదలుపెడతాయి. ఒకసారి పెంచితే మళ్లీ తగ్గించడానికి చాలా వెనకాడతాయి. అందుకే పెంచేటప్పుడు మెల్లగా, నిలబెట్టుకోగలమన్న నమ్మకం కుదిరాకే పెంచుతాయి. తగ్గించిన రోజున మార్కెట్ దాన్ని ప్రమాద సూచికగా చదువుకుంటుంది కాబట్టి ఈ వెనకంజ సహజమే. 1961లో మిల్లర్, మొడిగ్లియాని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పన్నులు, ఖర్చులు లేని ఆదర్శ మార్కెట్‌లో డివిడెండ్ విధానం కంపెనీ విలువను మార్చదని వాదించారు. ఆ వాదనలో తర్కం గట్టిదే. కాని అందులో ఒక షరతు ఉంది. కంపెనీకి పెట్టుబడి కావలసినప్పుడల్లా న్యాయమైన ధరకు దొరకాలి. స్థిరాస్తి సంస్థలకు డబ్బు అత్యవసరమైన రోజునే మార్కెట్ తలుపులు మూసుకుంటాయి. ఆ షరతు ఇక్కడ నిలవదు కాబట్టే మన విషయంలో డివిడెండ్ విధానానికి ఇంత ప్రాముఖ్యం.

ఇప్పుడు ఒక ప్రాజెక్టును దగ్గరగా చూద్దాం. ఊహించుకున్న అంకెలే అయినా, నిజమైన లెక్కల తీరు ఇలాగే ఉంటుంది. ఫ్లాట్లన్నీ అమ్మితే 500 కోట్లు వస్తుంది. మొత్తం ఖర్చు 400 కోట్లు: భూమికి 120, నిర్మాణానికి 230, అనుమతులు, వడ్డీ, ప్రచారం వగైరాలకు 50. అంటే ప్రాజెక్టు ముగిసేసరికి 100 కోట్లు లాభం. రెండో సంవత్సరం చివరికి నిర్మాణం 60 శాతం అయింది, ఫ్లాట్లలో 80 శాతం అమ్ముడయ్యాయి. పని సాగినకొద్దీ ఆదాయం చూపే పద్ధతిలో కంపెనీ 500 కోట్లలో 80 శాతాన్ని, అందులో మళ్లీ 60 శాతాన్ని, అంటే 240 కోట్లను ఆదాయంగా చూపుతుంది. అదే దామాషాలో ఖర్చు 192 కోట్లు. లాభం 48 కోట్లు. పావు వంతు పన్ను పోతే 36 కోట్లు. వార్షిక నివేదిక ముఖపత్రం మీద అచ్చయ్యేది ఈ అంకె.

అదే రోజున బ్యాంకు ఖాతా ఏం చెబుతోంది? భూమికి 120 కోట్లు పూర్తిగా చెల్లించేశారు. నిర్మాణంలో 60 శాతానికి 138 కోట్లు ఖర్చయింది. ఇతర ఖర్చులకు 40 కోట్లు. పన్నుకు 12 కోట్లు. మొత్తం 310 కోట్లు బయటికి పోయింది. కొన్నవారి నుంచి వాయిదాల రూపంలో 200 కోట్లు వచ్చింది అనుకుందాం. మిగతా 110 కోట్లు అప్పు. అంటే 36 కోట్ల లాభం చూపిన కంపెనీ ఆ రోజుకి 110 కోట్ల లోటులో ఉంది. ఇందులో మోసమేమీ లేదు. లెక్కలు నియమాల ప్రకారమే రాశారు. కాని 'లాభంలో 40 శాతం డివిడెండ్' అనే విధానం ఉన్న కంపెనీ ఇప్పుడు 14 కోట్ల 40 లక్షలు పంచాలి. ఆ డబ్బు ఎక్కడిది? మరో అప్పు. లోటు 110 నుంచి 124 కోట్లు దాటుతుంది. వాటాదారు చేతికి వచ్చిన డివిడెండ్ నిజానికి తన కంపెనీ పేరు మీద తానే వడ్డీకి తెచ్చుకున్న సొమ్ము.

దీనికి తలకిందులుగా ఉండే పరిస్థితి ఇంకా ప్రమాదకరం. పునాది పడకముందే ఫ్లాట్లు అమ్ముడై, కొన్నవారు 150 కోట్లు అడ్వాన్సు కట్టారనుకోండి. ఇప్పుడు లాభం సున్నా, చేతిలో డబ్బు మాత్రం పుష్కలం. ఈ స్థితిలో ఉన్న బోర్డుకు పాత ప్రాజెక్టుల నుంచి మిగిలిన రిజర్వులు, అంటే పంచకుండా దాచిన లాభాలు, కాస్త ఉంటే చాలు, వాటి పేరు మీద ఈ నగదును డివిడెండ్‌గా పంచేసే వీలు కలుగుతుంది. చట్టం రిజర్వులు ఉన్నాయా అనే ప్రధానంగా చూస్తుంది; ఖాతాలో ఉన్న ఆ రూపాయి ఎవరి దగ్గర నుంచి, ఏ పని కోసం వచ్చిందో డివిడెండ్ నియమాలు అడగవు. బ్యాలెన్స్ షీట్‌లో, అంటే కంపెనీ ఆస్తులూ అప్పులూ చూపే పట్టికలో, ఆ 150 కోట్లు అప్పుల వైపే ఉంటుంది, ఎందుకంటే అది ఇల్లు కట్టి ఇవ్వాల్సిన బాధ్యత. కాని బాధ్యత కాగితం మీద ఉంటుంది, డబ్బు ఖాతాలో ఉంటుంది. ఈ రెండింటినీ విడదీసి చూడని డివిడెండ్ విధానం ఎంత చక్కటి భాషలో రాసినా నేను దాన్ని విధానం అనను.

ఈ తేడా ఎక్కడినుంచి వస్తోందో అకౌంటింగ్ ప్రమాణాల్లో ఉంది. 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, ఒక ఫ్లాటును ఇంకొకరికి మళ్లించే వీలు కంపెనీకి లేకపోవడం, అప్పటివరకు చేసిన పనికి డబ్బు రాబట్టుకునే చట్టబద్ధమైన హక్కు ఉండడం అనే రెండూ కుదిరితే, నిర్మాణం సాగినకొద్దీ ఆదాయం చూపవచ్చు. అవి కుదరకపోతే అప్పగింత రోజునే మొత్తం చూపాలి. అంటే ఒకే రకమైన రెండు భవనాలు ఒకే వేగంతో కట్టిన రెండు కంపెనీలు, ఒప్పందంలోని ఒక నిబంధన వల్లనో, ఆయా దేశాల చట్టాల వల్లనో పూర్తిగా వేరువేరు సంవత్సరాల్లో లాభాలు చూపుతాయి. నగదు మాత్రం రెండింటికీ ఒకేలా వస్తుంది, ఒకేలా పోతుంది. ఒప్పందపు నిబంధన మారితే మారిపోయే అంకె మీద డివిడెండ్‌ను నిలబెట్టడం సబబు కాదన్నది ఇందుకే.

మరో లాభం కూడా ఉంది, అది ఇంకా పలచనిది. అద్దెకిచ్చే భవనాలు కూడా ఉన్న సంస్థలు వాటి మార్కెట్ విలువ పెరిగితే ఆ పెరుగుదలను లాభంగా చూపే అవకాశం అంతర్జాతీయ ప్రమాణాల్లో ఉంది. భవనం అమ్మలేదు, పైసా రాలేదు, అయినా లాభం వచ్చినట్టు నమోదవుతుంది. ఈ విషయంలో చట్టాలు కాస్త మెలకువగానే ఉన్నాయి. బ్రిటన్ 2006 కంపెనీల చట్టం 830వ సెక్షన్ ప్రకారం రాబడి నిజంగా చేకూరిన లాభాలనుంచే పంపకం జరగాలి. భారతదేశపు 2013 కంపెనీల చట్టం 123వ సెక్షన్ కూడా డివిడెండ్ కోసం లాభం లెక్కించేటప్పుడు ఇలాంటి చేకూరని లాభాలను, ఆస్తుల పునర్మూల్యాంకన మొత్తాలను తీసివేయాలని చెబుతుంది. హాంకాంగ్‌లోని పెద్ద స్థిరాస్తి సంస్థలు ఈ విలువ పెరుగుదలను పక్కనపెట్టి అసలు వ్యాపార లాభాన్ని విడిగా ప్రకటిస్తూ, డివిడెండ్‌ను దాని ఆధారంగానే నిర్ణయించే ఆనవాయితీ పెట్టుకున్నాయి. అది మంచి ఆనవాయితీ.

ఇక గ్రూపు నిర్మాణం సంగతి. పెద్ద సంస్థలు ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో అనుబంధ కంపెనీని పెడతాయి. పైనున్న మాతృసంస్థ వాటాలే మార్కెట్‌లో అమ్ముడుపోతాయి. డివిడెండ్ ఇచ్చేది కూడా అదే. పత్రికల్లో చదివే లాభం మాత్రం గ్రూపు మొత్తానికి కలిపి వేసిన లెక్క. అనుబంధ కంపెనీలో ఉన్న డబ్బు మాతృసంస్థకు చేరాలంటే ముందు అది తన బ్యాంకు పెట్టిన షరతులు దాటాలి, భాగస్వామి వాటా పోవాలి, భూయజమానితో ఉమ్మడి ఒప్పందం ఉంటే ఆయన వంతు పోవాలి. భారతదేశంలో 2016 నాటి రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం ప్రకారం, కొన్నవారి నుంచి వసూలు చేసిన సొమ్ములో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు భూమి, నిర్మాణ ఖర్చుల కోసం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాక, పూర్తయిన పని దామాషాలోనే అందులోంచి తీయాలి. కాబట్టి గ్రూపు లెక్కల్లో 'నగదు, బ్యాంకు నిల్వలు' అని కనిపించే మొత్తంలో చాలా భాగం కట్టేసి ఉన్న డబ్బు. దాన్ని వేరుచేసి చూపే వివరణ వార్షిక నివేదిక వెనక పేజీల్లో ఉంటుంది. డివిడెండ్ నిలబడుతుందా లేదా తెలుసుకోవాలనుకునే వాటాదారు ముందుగా ఆ పేజీ తెరవాలి.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తాను. అది భూమి. ఇందాకటి ప్రాజెక్టులో భూమి ఖరీదు 120 కోట్లు. ఆ ధర ఐదేళ్ల కిందటిది. ప్రాజెక్టు ముగిసి, అంతే పెద్ద ఇంకో ప్రాజెక్టు మొదలుపెట్టాలంటే అలాంటి భూమికి ఇప్పుడు 170 కోట్లు పెట్టాలి అనుకుందాం. పుస్తకాల్లో లాభం 100 కోట్లు, పన్ను పోగా 75 కోట్లు. అందులో 50 కోట్లు పాత భూమికీ కొత్త భూమికీ మధ్య తేడాకే పోతుంది. ఇక మిగిలింది 25 కోట్లు. వచ్చే ఐదేళ్లూ ఇదే పరిమాణంలో వ్యాపారం చేయాలనుకునే కంపెనీ నిజంగా పంచగలిగింది అంతే. 75 కోట్లలో సగం పంచితే అది ఎంతో జాగ్రత్తగా, మితంగా ఇచ్చినట్టు కనిపిస్తుంది. కాని ఆ సగంలో మూడో వంతు వరకు వచ్చే పంటకు దాచిన విత్తనాల గింజల్లోంచి తీసిందే. భూముల ధరలు ఎక్కుతున్న కాలంలో ఇది ఎవరికీ తెలియదు, ఎందుకంటే లాభాలు పెద్దవిగా కనిపిస్తుంటాయి. కంపెనీ భూనిల్వ మెల్లమెల్లగా కరిగిపోతున్నా, ఏటా డివిడెండ్ పెరుగుతూనే ఉంటుంది. అందుకే చేతిలో ఉన్న భూమి ఎన్నేళ్ల నిర్మాణానికి సరిపోతుందన్న వివరాన్ని డివిడెండ్ ప్రకటన పక్కనే పెట్టి చదవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

దీనికి ఎదురువాదం ఒకటి ఉంది, అది బలమైనదే. భూమి ధర శిఖరాన ఉన్నప్పుడు కొత్త భూమి కొనడం కంటే డబ్బును వాటాదారులకు తిరిగి ఇచ్చేయడం మేలు కదా, యాజమాన్యం చేతిలో డబ్బు ఉంటే అది చెడ్డ ధరకు భూమి కొంటుంది కదా అంటారు. నేను దీన్ని ఒప్పుకుంటాను. 2007లో బ్రిటన్‌లో బారట్ సంస్థ, ఇళ్ల మార్కెట్ పతాకస్థాయిలో ఉండగా, విల్సన్ బౌడెన్ అనే మరో నిర్మాణ సంస్థను సుమారు 220 కోట్ల పౌండ్లకు కొన్నది. మరుసటి ఏడాది సంక్షోభం వచ్చింది. 2008లో డివిడెండ్ నిలిపివేసింది. 2009లో వాటాదారుల దగ్గరే మళ్లీ చేయిచాచి 72 కోట్ల పౌండ్లు సేకరించింది. డివిడెండ్ మళ్లీ మొదలైంది 2013లో. ఆ కొనుగోలు బదులు ఆ డబ్బును పంచివుంటే వాటాదారులకు మేలే జరిగేది. కాని ఈ ఉదాహరణ ఒక సంగతి కూడా చెబుతోంది. ఈ రంగంలో చక్రం కిందికి తిరిగినప్పుడు డివిడెండ్ తగ్గడంతో ఆగదు, పూర్తిగా ఆగిపోతుంది. ఆ పైన వాటాదారు తాను అందుకున్నదానికంటే ఎక్కువ తిరిగి పెట్టాల్సి రావచ్చు, అదీ వాటా ధర పాతాళంలో ఉన్నప్పుడు. కాబట్టి మంచి రోజుల్లో ఇచ్చిన డివిడెండ్‌ను విడిగా చూడకూడదు; ఒక పూర్తి చక్రంలో వాటాదారు అందుకున్నదెంత, తిరిగి పెట్టిందెంత అని నికరంగా లెక్కవేయాలి.

బ్రిటన్ గృహనిర్మాణ సంస్థలు ఆ దెబ్బ తర్వాత ఆలోచించి కొత్త విధానాలు రాసుకున్నాయి. అందులో రెండింటి గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అవి రెండు భిన్నమైన దారులు.

మొదటిది పెర్సిమన్. 2012లో ఈ సంస్థ తొమ్మిదిన్నర ఏళ్లలో, అంటే 2021 నాటికి, వాటాకు 6 పౌండ్ల 20 పెన్సుల చొప్పున, మొత్తం సుమారు 190 కోట్ల పౌండ్లు వాటాదారులకు తిరిగి ఇస్తామని ప్రకటించింది. దూరదృష్టి, క్రమశిక్షణ ఉన్న ప్రకటనగా చాలామంది మెచ్చుకున్నారు. దానితోపాటే పై అధికారుల బోనస్ పథకాన్ని కూడా ఈ చెల్లింపులకే ముడిపెట్టారు; ఎంత డబ్బు వాటాదారులకు చేరితే వాళ్లకు అంత వాటాల ప్రతిఫలం, దానికి పైమితి లేదు. 2013లో బ్రిటన్ ప్రభుత్వం కొత్త ఇళ్లు కొనేవారికి ధరలో 20 శాతం వరకు అప్పిచ్చే పథకం పెట్టింది. అమ్మకాలు, లాభాలు ఎవరూ ఊహించనంతగా పెరిగాయి. అనుకున్న చెల్లింపులు గడువుకు ఎంతో ముందే పూర్తయ్యాయి. ముఖ్య కార్యనిర్వహణాధికారికి దక్కవలసిన ప్రతిఫలం 10 కోట్ల పౌండ్లు దాటడంతో గగ్గోలు పుట్టింది; దాన్ని 7 కోట్ల 50 లక్షలకు తగ్గించినా విమర్శ ఆగలేదు, 2018లో ఆయన తప్పుకున్నారు. 2019 డిసెంబరులో వెలువడిన స్వతంత్ర సమీక్ష, కలప చట్రాలతో కట్టిన ఇళ్లలో మంటలు పాకకుండా గోడల మధ్య ఉండాల్సిన అడ్డుతెరలు సరిగా లేకపోవడం దేశవ్యాప్తంగా వ్యవస్థాగతంగా జరిగిన లోపమని చెప్పింది. డివిడెండ్ వల్లే ఆ లోపం వచ్చిందని నేను అనను. అలా అనడానికి ఆధారం కావాలి. కాని బోనస్‌ను చెల్లింపులకు ముడిపెట్టినప్పుడు ఇంటి నాణ్యతకు, అప్పగింత తర్వాత వచ్చే మరమ్మతులకు ఆ లెక్కలో చోటు లేకుండా పోయిందన్నది మాత్రం నిర్ద్వంద్వంగా చెప్పగలను. 2021 సంవత్సరానికి ఆ కంపెనీ వాటాకు 235 పెన్సులు పంచింది. వడ్డీరేట్లు పెరిగి మార్కెట్ చల్లబడ్డాక 2022 సంవత్సరానికి ఇచ్చింది 60 పెన్సులు.

రెండోది టేలర్ వింపీ. 2018లో ఈ సంస్థ లాభాన్ని కాకుండా నికర ఆస్తులను, అంటే ఆస్తుల్లోంచి అప్పులు పోగా మిగిలినదాన్ని, ప్రాతిపదికగా తీసుకుంది. నికర ఆస్తుల్లో సుమారు 7.5 శాతం, కనీసం 25 కోట్ల పౌండ్లు, ఏటా సాధారణ డివిడెండ్‌గా ఇస్తామని, మంచి ఏళ్లలో మిగిలిన డబ్బును ప్రత్యేక డివిడెండ్‌గా ఇస్తామని చెప్పింది. నాకు ఈ ఆలోచన నచ్చుతుంది. లాభం ఒక్క ఏడాదిలో మూడొంతులు పెరగవచ్చు, సగానికి పడవచ్చు. నికర ఆస్తులు అలా ఎగిరిపడవు. అంచేత వాటాదారుకు వచ్చే మొత్తం స్థిరంగా ఉంటుంది, అధికమైనది ప్రత్యేకం అన్న పేరుతోనే వస్తుంది కాబట్టి మళ్లీ ఏడాది అది రాకపోతే ఎవరూ కంగారుపడరు. అయినా 2020లో కరోనా మహమ్మారి మూలంగా నిర్మాణ స్థలాలు మూతబడినప్పుడు ఈ సంస్థ కూడా తుది డివిడెండ్‌ను, సుమారు 36 కోట్ల పౌండ్ల ప్రత్యేక డివిడెండ్‌ను రద్దు చేసింది. అదే ఏడాది కొత్త వాటాలు జారీచేసి 50 కోట్ల పౌండ్లకు పైగా సేకరించింది. ఏ విధానమైనా ఎంతవరకు నిలబడుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. కాని రద్దు చేయగలగడం కూడా మంచి విధానంలో భాగమే. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం, ఆర్థిక సంవత్సరం ముగిశాక ప్రకటించిన తుది డివిడెండ్ ఆ సంవత్సరపు బ్యాలెన్స్ షీట్‌లో అప్పుగా నమోదు కాదు. వాటాదారుల సమావేశం ఆమోదించేదాకా అది బోర్డు సిఫారసు మాత్రమే. ఈ వెసులుబాటును అవసరమైనప్పుడు వాడుకోవడానికి బోర్డు సిగ్గుపడకూడదు.

ఇక ఎవర్‌గ్రాండ్. డివిడెండ్ విషయంలో స్థిరాస్తి రంగం ఇంతవరకు చూసిన అతి పెద్ద పాఠం ఇదే కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగాలి. చైనాలోని ఈ సంస్థ ఇళ్లు పూర్తికాకముందే అమ్మి, ఆ డబ్బుతో కొత్త భూములు కొని, వాటిమీద మళ్లీ ముందస్తు అమ్మకాలు చేసి పెరిగింది. వాటాల్లో అత్యధిక భాగం వ్యవస్థాపకుడి చేతిలోనే ఉండేది కాబట్టి, ప్రకటించిన ప్రతి డివిడెండ్‌లోనూ పెద్ద వాటా ఆయనకే చేరేది. 2020 ఆగస్టులో చైనా ప్రభుత్వం 'మూడు ఎర్ర గీతలు' అని పిలిచే పరిమితులు పెట్టింది: కొనుగోలుదారుల అడ్వాన్సులు మినహా అప్పులు ఆస్తుల్లో 70 శాతానికి లోబడాలి, నికర రుణం సొంత మూలధనాన్ని మించరాదు, చేతిలోని నగదు స్వల్పకాలిక రుణాలకు తగ్గరాదు. ఊపిరి సలపని ఆ స్థితిలోనూ 2021 జూలై మధ్యలో ఎవర్‌గ్రాండ్ ప్రత్యేక డివిడెండ్ ఇచ్చే ఆలోచన ప్రకటించి, రెండు వారాలు తిరగకుండానే దాన్ని విరమించుకుంది. ఆ ఏడాది చివరికి బాకీలు చెల్లించలేక చేతులెత్తేసింది. అప్పటికి దాని మొత్తం అప్పులూ బాధ్యతలూ కలిపి 30,000 కోట్ల డాలర్లకు పైమాటే. లక్షలాది కుటుంబాలు డబ్బు కట్టి, సగం లేచిన గోడలవైపు చూస్తూ ఉండిపోయాయి.

2024 జనవరిలో హాంకాంగ్ న్యాయస్థానం ఆ సంస్థను మూసివేయమని ఆదేశించింది. మార్చిలో చైనా సెక్యూరిటీల నియంత్రణ సంస్థ, ఎవర్‌గ్రాండ్ ప్రధాన అనుబంధ కంపెనీ 2019లో సుమారు 21,400 కోట్ల యువాన్లు, 2020లో సుమారు 35,000 కోట్ల యువాన్లు ఆదాయాన్ని ఎక్కువచేసి చూపిందని తేల్చింది. అంటే 2019లో చూపిన ఆదాయంలో సగం, 2020లో నాలుగింట మూడు వంతులకు మించి. ఎలా చూపింది? ఇంకా అప్పగించే స్థితికి రాని ఇళ్ల ఆదాయాన్ని ముందే రాసుకుని. ఇందాక మనం ఊహించుకున్న చిన్న ప్రాజెక్టులో నియమబద్ధంగానే లాభానికీ నగదుకూ మధ్య ఎంత దూరం వచ్చిందో చూశాం. ఆ దూరాన్ని ఎవరైనా కావాలని పెంచుకుంటే ఏమవుతుందో ఇది చూపిస్తోంది. ఆ తర్వాత లిక్విడేటర్లు, అంటే సంస్థ మూసివేత పని చూసే అధికారులు, 2017 నుంచి 2020 వరకు లెక్కలు తప్పుగా చూపారని ఆరోపిస్తూ, వాటి ఆధారంగా చెల్లించిన డివిడెండ్లు, జీతభత్యాల కింద సుమారు 600 కోట్ల డాలర్లు తిరిగి రాబట్టాలని వ్యవస్థాపకుడితోపాటు మరికొందరిపై హాంకాంగ్‌లో దావా వేశారు. చేతికి అందిన డివిడెండ్ ఇక వెనక్కి పోదని చాలామంది అనుకుంటారు. లేని లాభాన్ని పంచినప్పుడు అది వెనక్కి వెళ్లాల్సి రావచ్చు, పంచమని సంతకం చేసిన డైరెక్టర్లు సొంతంగా జవాబు చెప్పాల్సి రావచ్చు.

నాకు ఇక్కడ బాధ కలిగించే విషయం ఒకటి ఉంది, దాన్ని దాచుకోను. బ్యాంకుకు తాకట్టు ఉంటుంది. బాండ్లు కొన్నవారికి ఒప్పందపు షరతులు ఉంటాయి. వాటాదారుకు సమావేశంలో ఓటు ఉంటుంది. జీవితమంతా కూడబెట్టిన డబ్బును అడ్వాన్సుగా కట్టిన కుటుంబానికి డివిడెండ్ నిర్ణయం జరిగే గదిలో ఏ స్థానమూ ఉండదు. ఆ కంపెనీకి వడ్డీలేని పెట్టుబడి పెట్టింది మాత్రం వాళ్లే. వాళ్ల తరఫున మాట్లాడేవారు లేరు కాబట్టి డివిడెండ్ విధానమే వాళ్ల తరఫున మాట్లాడాలని నా ఉద్దేశం. ప్రతి ప్రాజెక్టు పూర్తవడానికి ఇంకా ఎంత ఖర్చుందో, దానికి ఎంత డబ్బు సిద్ధంగా ఉందో లెక్కగట్టి, ఆ లోటు సున్నాకు వచ్చేదాకా ఆ ప్రాజెక్టు సొమ్ములోంచి పైసా కూడా పైకి పోకూడదన్న వాక్యం ఆ విధానంలో మొదటి పేరాలోనే ఉండాలి.

అద్దెల మీద నడిచే రీట్లతో, అంటే స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టులతో, పోల్చి కొందరు డెవలపర్లను కూడా అంత ఉదారంగా పంచమంటారు. అది సరికాదు. అమెరికాలో 1960లో రూపుదిద్దుకున్న రీట్లు పన్ను వేయదగిన ఆదాయంలో కనీసం 90 శాతం పంచాలి. భారతదేశంలోనూ పంచదగిన నికర నగదులో 90 శాతం అన్న నియమమే ఉంది. నెలనెలా అద్దె వచ్చే పూర్తయిన భవనానికి అది నప్పుతుంది. భూమి కొనుగోలు నుంచి తాళాల అప్పగింత దాకా నాలుగైదేళ్లు డబ్బు లోపలికే పీల్చుకునే వ్యాపారానికి అది నప్పదు.

భారతదేశంలో వాటాల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2016లో మొదటి 500 లిస్టెడ్ కంపెనీలకు, 2021లో మొదటి 1,000 కంపెనీలకు డివిడెండ్ పంపిణీ విధానాన్ని రాసి ప్రకటించడం తప్పనిసరి చేసింది. అలాంటి పత్రాల్లో 'బోర్డు తగిన అంశాలన్నిటినీ పరిగణించి నిర్ణయిస్తుంది' తరహా వాక్యాలు కనబడితే వాటితో తృప్తిపడకండి. నికర అప్పు మూలధనంలో ఎంత శాతం దాటితే డివిడెండ్ ఆగుతుందో అంకెతో చెప్పమనండి. సాధారణ డివిడెండ్ ఏ నగదు మీద ఆధారపడుతుందో, ఒకేసారి భూమి అమ్మితే వచ్చిన సొమ్మును ప్రత్యేక డివిడెండ్‌గానే ఇస్తారో లేదో అడగండి. వాటా ధర నికర ఆస్తుల విలువకంటే బాగా తక్కువ ఉన్నప్పుడు డివిడెండ్ కంటే వాటాల తిరిగి కొనుగోలు మిగిలిన వాటాదారులకు లాభం కాబట్టి, ఆ రెండింటి మధ్య ఎలా ఎంచుకుంటారో కూడా రాయమనండి. ప్రమోటర్లు, అంటే కంపెనీని స్థాపించి తమ అదుపులో ఉంచుకున్నవారు, తమ వాటాలను తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్న కంపెనీలో డివిడెండ్ హఠాత్తుగా పెరిగితే, ఆ పెంపు కంపెనీ అవసరం కోసమా, వాళ్ల వడ్డీ కోసమా అన్న ప్రశ్న సమావేశంలో లేచి నిలబడి అడగడానికి మీకు పూర్తి హక్కుంది.

వార్షిక నివేదిక చేతికి రాగానే డివిడెండ్ పేజీకి వెళ్లకుండా, ముందు నగదు ప్రవాహ నివేదికలో నిర్వహణ కార్యకలాపాల నుంచి వచ్చిన నగదును ఐదేళ్లకు కలిపి కూడండి. ఒక్క ఏడాది చూస్తే ఈ రంగంలో ఏమీ తెలియదు. ఆ మొత్తాన్ని అదే ఐదేళ్లలో చెల్లించిన వడ్డీ, డివిడెండ్ల మొత్తంతో పోల్చండి. మొదటిది తక్కువైతే తేడాను అప్పో, కొత్త వాటాలో, కొనుగోలుదారుల అడ్వాన్సులో పూడ్చాయన్నమాట. వాటిలో ఏది పూడ్చిందో అప్పుల వివరణలో కనబడుతుంది. ఆ తర్వాత పూర్తయినా అమ్ముడుకాని ఇళ్ల నిల్వను, అది ఎన్నేళ్లుగా పెరుగుతోందో చూడండి, ఎందుకంటే లాభం చూపకుండా డబ్బును బంధించి ఉంచేది అదే, మార్కెట్ మందగించిందని అందరికంటే ముందు చెప్పేదీ అదే. ఈ అంకెలు ముందు పెట్టుకుని అధ్యక్షుణ్ణి ఒక ప్రశ్న అడగండి: ఈ రోజు నుంచి 18 నెలలపాటు ఒక్క ఫ్లాటు కూడా అమ్ముడుపోకపోతే, మొదలుపెట్టిన ప్రాజెక్టులన్నీ పూర్తిచేసి, ఈ డివిడెండ్ కూడా ఇవ్వగలరా? బోర్డు ఆ లెక్క వేసుకుని ఉంటే జవాబు అంకెల్లో వస్తుంది.

ఇంతసేపూ శ్రద్ధగా విన్నందుకు కృతజ్ఞతలు. ఇక మీ ప్రశ్నలు వినడానికి సిద్ధంగా ఉన్నాను.